అవ్వ వయసుకు వచ్చాక

ఆ ఎండాకాలం నేను మొదటిసారి మా ఇంటికి పోయే దారి మరిచిపోయాను.

ముసలిదాన్నేమీ కాదు. నలభై ఎనిమిదేళ్ళు. పదో తరగతి వరకు చదువుకున్నాను. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్ట్‌కు పోయే దారి మీదున్న ఒక పెద్ద హోటల్లో, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే సెక్షన్లో నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. "స్వరాజ్యమక్క వచ్చిందంటే ఏడు గంటలైనట్టే" అనేవాడు గేటు దగ్గరి వాచ్‌మన్. అలాంటిదాన్ని.

రెండు వేల పన్నెండు, ఏప్రిల్ నెల. సెలవు రోజున మెహదీపట్నంలో ఆడపడుచును చూసి బస్సులో తిరిగి వస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు ఆగింది. ఉన్నట్టుండి కడుపులో నుంచి ఛాతీకి, ఛాతీ నుంచి మెడకు, ముఖానికి ఒక మంట పాకింది. క్షణంలో జాకెట్ తడిసి వీపుకు అతుక్కుపోయింది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే పక్కన కూర్చున్నామెకు వినబడుతుందేమోనని చేతిసంచిని ఛాతీకి అదుముకున్నాను. చచ్చిపోతున్నాను అనుకున్నాను. చస్తే బస్సులో చావకూడదనిపించి, లేచి, జనాన్ని తోసుకుంటూ దిగేశాను.

రోడ్డు పక్కన చెరుకురసం బండి ఉంటే దాని కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బండతను స్టూలు జరిపాడు.

"కూసో అక్కా. ఎండ తాకింది నీకు. యాడికి పోవాలె?"

యాడికి పోవాలె? నాకు తెలియలేదు. నాలుగు వైపులా రోడ్లు. లారీలు, ఆటోలు, ట్యాక్సీలు. ఎదురుగా పెద్ద నీలం బోర్డు మీద ఎయిర్‌పోర్ట్ అని రాసి బాణం గుర్తు ఉంది. అక్షరాలు చదవగలిగాను. కానీ ఆ మాటకూ నాకూ ఏదో సంబంధం ఉందన్న సంగతి మాత్రం తట్టలేదు. ఐదు నిమిషాలో పది నిమిషాలో అలాగే కూర్చున్నాను. దూరంగా ఒక విమానం చక్రాలు దించుకుని కిందికి వంగుతూ కనిపించింది. అప్పుడు ఒక్కసారిగా అంతా తిరిగొచ్చింది. అది దిగేవైపే మా ఇల్లు. నా మొగుడు మల్లేశ్వర్ అక్కడే ట్యాక్సీ నడుపుతాడు. నా బిడ్డ శిరీష డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలకు చదువుకుంటోంది.

ఇంటికి చేరాక "ఇంత లేటైందేందమ్మా?" అని శిరీష అడిగింది.

"బస్సు దొరకలే" అన్నాను.

ఆ రోజు నుంచి నన్ను నేను పరీక్షించుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్న పొయ్యి ముందు నిలబడి నా అన్న పిల్లల పేర్లు, నా పెళ్ళి తేదీ, హోటల్లో ఏ అంతస్తుకు ఎన్ని గదులున్నాయో మనసులో చెప్పుకునేదాన్ని. అన్నీ గుర్తుంటే ఆ పూటకు గండం గడిచినట్టు. ఒక్కటి తడబడితే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకునేదాన్ని. నిద్ర కరువైంది. రాత్రుళ్ళు చెమటలకు రెండుసార్లు జాకెట్ మార్చుకునేదాన్ని. పొద్దున్న లేవగానే ఏదో జరగబోతోందని భయం. ఏం జరగబోతోందో తెలియదు. పనిలో ఉండగా ఏడుపొస్తే సబ్బుపొడి బస్తాలు పెట్టే గదిలోకి పోయి, ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేదాన్ని. దసరా తర్వాత నెలసరి రాలేదు. దానికీ దీనికీ ముడి ఉందని నాకు తట్టలేదు. ఎవరైనా చెబితే కదా.

అన్నిటికంటే భయపెట్టింది మా ఇంటి ముందున్న నీళ్ళ సంపు. మోటారు వేసే ముందు మూత తీసి నీళ్ళెంతున్నాయో చూడటం రోజూ ఉండే పనే. ఒకరోజు మూత తీసి వంగాను. లోపల నల్లగా, చల్లగా ఉంది. ఇక్కడితో అయిపోతుంది కదా అనిపించింది. ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు, నా గొంతే. అదీ మామూలుగా, పొయ్యి ఆర్పాలి అని గుర్తు చేసుకున్నంత మామూలుగా. మూత వేసేసి దాని మీద నిలబడిపోయాను. మరునాటి నుంచి ఆ పని శిరీషకు అప్పజెప్పాను. నడుం నొప్పి అని అబద్ధం చెప్పాను.

ఒకరోజు పొద్దున ముగ్గురం తింటున్నాం.

"అమ్మా, పప్పుల ఉప్పు రెండుసార్లు వేసినవా?" అంది శిరీష. మామూలుగానే అంది.

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని విసిరేశాను. అది శిరీష చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలి కింద పడింది. వేడి పప్పు దాని జుట్టు మీద, గోడ మీద చింది కారింది. శిరీష నన్ను చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. భయంగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు నేను మా అమ్మను అలాగే చూశాను. మా అమ్మను మేము అవ్వ అని పిలుస్తాం.

ఆ వారం శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి వాకిట్లో మా అన్న చెన్నయ్య మోటారు సైకిల్ ఉంది. చెప్పులు విడుస్తుంటే లోపలి మాటలు వినిపించాయి. తలుపు చాటునే ఆగిపోయాను.

"అవ్వకు గూడ గిట్లనే షురూ అయింది మల్లేశ్వర్" అంటున్నాడు అన్న. "ఇదే వయసుల. ముందుగాల ఊకె ఏడుస్తుండె. తర్వాత వస్తువులిసిరేసుడు. ఇగ ఆ తర్వాత ఇంట్లకెల్లి ఎల్లిపోయింది. గుట్టల పొంట తిరుగుతుంటె పట్టుకొచ్చినం."

"ఇప్పుడేం చేద్దాం బావా?" మల్లేశ్వర్ గొంతు సన్నగా ఉంది.

"మహబూబ్‌నగర్ దిక్కు ఒకాయన ఉన్నడు. గాలి ఉంటె తీస్తడు. ఆదివారం బండి మాట్లాడుకొని వస్త. మూడు రోజులు ఆడనే ఉంచాలంట."

"ఒక్కదాన్నే?"

"ఒక్కదాన్నే. అర్రల పెడ్తరు. భయపడకు, తిండి గిండి అంత వాళ్ళే ఇస్తరు."

గోడకు ఆనుకున్నాను.

అవ్వను గదిలో పెట్టినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆమెకు నలభై ఏడు. గాలి సోకిందన్నారు. ఒడ్లు పోసుకునే చిన్న గది ఖాళీ చేసి అందులో ఉంచారు. నాలుగు నెలలు. తిండి తీసుకుపోయే పని నాది. నిండు కంచం లోపల పెట్టి, ఖాళీ కంచం తీసుకుని, బయటి నుంచి గొళ్ళెం పెట్టేదాన్ని. మొదట్లో అవ్వ తలుపు బాదేది. తర్వాత మానేసింది. నాలుగు నెలల తర్వాత బయటికి వచ్చాక ఏడవలేదు, అరవలేదు. అందరూ నయమైందన్నారు. అప్పటి నుంచి అడిగితే తప్ప మాట్లాడదు. కూర్చో అంటే కూర్చుంటుంది, తిను అంటే తింటుంది. ముప్పై నాలుగేళ్ళుగా అన్న ఇంట్లో అలాగే ఉంది.

ఆదివారానికి ఇక ఒక్క రోజే ఉంది.

శనివారం మామూలుగానే పనికి పోయాను. ఇంట్లో ఉండటానికి భయమేసి పోయాను. మా సెక్షన్లో పెద్ద రోలర్ మిషన్ ఉంటుంది. తడి దుప్పటిని రెండు మూలలూ ఇద్దరు పట్టుకుని వేడి రోలర్ల మధ్యకు పెడితే, ఇస్త్రీ అయి అవతలి వైపు వస్తుంది. ఒక మూల నాది, రెండోది రబియాది. రబియాకు యాభై మూడేళ్ళు. శంషాబాద్‌లోనే పుట్టి పెరిగింది. మిషన్ మోతలో కూడా ఆగకుండా మాట్లాడుతుంది. మిషన్ ఆపే ఎర్ర బటన్ నా వైపు ఉంటుంది.

ఆ పూట మళ్ళీ మంట పుట్టింది. ముఖానికి ఎక్కింది. నా మూల చేతిలో నుంచి జారింది. దుప్పటి వంకరగా లోపలికి పోతుంటే రబియా సరిచేద్దామని చెయ్యి చాచింది. ఆమె కుర్తా చెయ్యి దుప్పటి మడతలో ఇరుక్కుంది.

"బటన్! స్వరాజ్యం, బటన్ నొక్కు!"

విన్నాను. బటన్‌ను చూశాను. చెయ్యి లేవలేదు. ఆరాంఘర్‌లో బోర్డును చూసినట్టే చూస్తూ నిలబడ్డాను. రబియా ఒంటిని మెలితిప్పి, నా మీదుగా వంగి, ఎడమ చేత్తో తనే నొక్కింది. మిషన్ ఆగింది. కుడిచేతి మూడు వేళ్ళు కాలి ఎర్రగా పొంగాయి.

అందరూ పరిగెత్తుకొచ్చారు. నేను నేల మీద కూలబడ్డాను. "నాకు పిచ్చి లేసింది రబియా. నన్ను పట్టుకపోతరు. నిన్ను చంపేస్తుంటి" అని అరుస్తున్నాను. ఏమంటున్నానో తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయాను.

రబియా వేళ్ళు నీళ్ళ బకెట్లో పెట్టుకుని, మిగతావాళ్ళను పొమ్మని తల ఊపి, నా పక్కన కూర్చుంది.

"ఉమర్ ఎంత నీది?" అని నా వయసు అడిగింది.

చెప్పాను.

"నెల బంద్ అయిందా?"

"అయింది. దసరాకెల్లి."

"మంటలొస్తున్నయా? దిల్ దడదడ కొట్టుకుంటున్నదా? రాత్రి నీంద్ లేదా?"

తల ఊపాను.

"నాకు గూడ అయినయ్. యాడాదిన్నర. మా ఆయన మొయినుద్దీన్ నమాజ్‌కు పోయొస్తే చెంబు ఇసిరిన. పాపం, ఏం అనలే ఆయన." నవ్వబోయి ఆగింది. నా ముఖంలోకి చూసింది. "గాని నీది నాకంటె జాదా ఉన్నది. నేను ఏడ్సినా మళ్ళ నవ్వుకుంటుంటి. నువ్వు నవ్వక ఎన్ని దినాలైంది? చల్, నా చెయ్యికి పట్టి కట్టించాలె గదా. నువ్వు గూడ రా."

బస్టాండ్ వెనక చిన్న దవాఖాన అది. డాక్టర్ మాధవీలత గారు రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. రబియా వేళ్ళకు మందు రాసి కట్టు కట్టాక నన్ను తెర వెనక్కి పిలిచారు. నా చెయ్యి రబియా చేతిలోనే ఉంది. నేను వదల్లేదు.

డాక్టర్ గారు చాలా అడిగారు. నెలసరి, నిద్ర, ఆకలి, గుండెదడ. ఏదీ మధ్యలో ఆపలేదు. ఆరాంఘర్ సంగతి చెప్పాను. గరిటె సంగతి చెప్పాను. ఆమె రాసుకుంటూ పోయి, కలం కింద పెట్టారు.

"ఒక మాట అడుగుతానమ్మా. మొహమాటపడకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

తెర అవతల ఎవరో పిల్లను ఊరుకోబెడుతున్నారు. నేను రబియా వైపు చూశాను. రబియా తన కట్టు వైపు చూసుకుంటోంది.

"అనిపిస్తది" అన్నాను. ఆ ఒక్క మాటతో నా ఒళ్ళంతా చెమట పట్టింది. ఈసారి ఆ మంట వల్ల కాదు.

"ఎలా అని కూడా ఆలోచించారా?"

సంపు గురించి చెప్పాను. తిడతారనుకున్నాను. బిడ్డ ఉంది, సంసారం ఉంది, సిగ్గు లేదా అంటారనుకున్నాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"చెప్పడం చాలా మంచిదైంది. నెలసరి ఆగే వయసులో ఒంట్లో హార్మోన్లు ఎక్కువ తక్కువలవుతాయి. ఆవిర్లు, దడ, మతిమరుపు, చిరాకు, ఇవి చాలామందికి వస్తాయి. కొందరికి మనసు కూడా బాగా కుంగిపోతుంది. మీకు అదే పట్టుకున్నట్టుంది. దానికి వైద్యం ఉంది."

"పిచ్చి గాదా మేడమ్?"

"జబ్బమ్మా. తగ్గే జబ్బు."

"మా అవ్వకు గూడ గిదే వయసుల..." అన్నాను.

"అప్పుడు నేను చూడలేదు కదా, చెప్పలేను. అయ్యుండొచ్చు. అప్పట్లో ఎవరైనా ఆవిడని డాక్టరుకి చూపించారా?"

తల అడ్డంగా ఊపాను.

రక్తం పరీక్ష, థైరాయిడ్, గుండె పరీక్ష రాశారు. "మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ మంగళవారం ఇక్కడికే వస్తారు. ఆవిడని తప్పకుండా కలవాలి. అంతవరకు మీరు ఒక్కరే ఉండకూడదు. సంపు మాట ఇంట్లో ఒకరికి ఇవాళే తెలియాలి. ఎవరికి చెబుతారు?"

"మా బిడ్డకు" అన్నాను. ఆ పొద్దున కూడా నా కళ్ళలోకి చూడని బిడ్డకు.

ఇంటికి వచ్చేసరికి శిరీష పుస్తకాలు ముందేసుకుని ఉంది. మల్లేశ్వర్ ట్యాక్సీ కడిగి లోపలికి వచ్చాడు. ఇద్దరినీ కూర్చోమన్నాను. నేను కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. ఆరాంఘర్, సబ్బుపొడి గది, రబియా వేళ్ళు. తర్వాత సంపు. పూర్తి చేయకముందే శిరీష లేచింది. బయటికి పోయింది. కాసేపటికి ఇనుప మూత సప్పుడు, తాళం వేసిన సప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చి నా పక్కన, ఒళ్ళు తగిలేంత దగ్గరగా నిలబడింది.

"ముందుగాల నాకు ఎందుకు చెప్పలేదమ్మా? ఆ పని నాకిచ్చినప్పుడన్న చెప్తే ఏమాయె?" అంటూ ఏడ్చింది.

మల్లేశ్వర్ నేల చూస్తున్నాడు. "నాకు భయమైంది స్వరాజ్యం" అన్నాడు చివరికి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ మాట అతని నోట వినలేదు. "నీకేమైతుందో సమజ్ కాలే. నిన్ను అడుగుదామంటె గూడ భయమాయె. అందుకే బావకు ఫోన్ చేసిన."

"రేపు పంపిస్తవా నన్ను?"

డాక్టర్ రాసిన కాగితం తీసుకుని, అర్థం కాకపోయినా, చివరిదాకా చదివాడు.

"నాకొక పని చేసి పెట్టు" అన్నాను. "మన పడక అర్ర తలుపుకు బయట గొళ్ళెం ఉన్నది గదా. అది తీసెయ్యి."

ఎందుకని అడగలేదు. అవ్వ సంగతి అతనికి తెలుసు. నేను పెట్టిన గొళ్ళెం సంగతి మాత్రం తెలియదు. ట్యాక్సీలో నుంచి స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పాడు. ఒక స్క్రూ తుప్పు పట్టి రాకపోతే సుత్తితో కొట్టి ఊడదీశాడు.

ఆదివారం తొమ్మిదింటికి అన్న బండి వచ్చి ఆగింది. నేను వంటింట్లో ఉన్నాను. శిరీష వచ్చి నా చేతిలోని గిన్నె తీసుకుంది. మల్లేశ్వర్ గడపలోనే నిలబడ్డాడు.

"చాయ్ తాగు బావా" అన్నాడు. "మేమైతె వస్తలేము."

"గిదేంది? ఆయనకు చెప్పి పెట్టిన నేను."

"డాక్టర్‌కు చూపించినం. మంగళవారం మందులిస్తరంట."

"మందులతోని పొయ్యేదా ఇది? రేపు ఏమన్న అయితే?"

"ఏమన్న అయితే మళ్ళ దవాఖానకే తీస్కపోత." గొంతు పెంచలేదు. కానీ గడప నుంచి కదల్లేదు.

"అవ్వను కాపాడుకున్నది మేము గట్లనే గదా మల్లేశ్వర్!" అన్న గొంతులో నిజంగా బాధ ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. అప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. పెద్దలు చెప్పింది చేశాడు.

నేను బయటికి వచ్చాను. "అన్నా, అవ్వను నా దగ్గరికి పంపించు. కొన్ని దినాలు."

"నీకే మంచిగ లేదంటిరి."

"అందుకే" అన్నాను.

అన్న చాయ్ మొత్తం తాగి, గ్లాసు గడప మీద పెట్టి, ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

మంగళవారం ఆ రెండో డాక్టరమ్మను కలిశాను. మాత్రలు మొదలుపెట్టారు. పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఆ వారాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. మొదట్లో వాంతి వచ్చినట్టుండేది, దడ కూడా ఎక్కువైంది. ఈ మందులు కూడా పనిచేయకపోతే ఇక మిగిలింది గదేనని భయపడేదాన్ని. మల్లేశ్వర్ పొద్దున ట్యాక్సీ తీసే ముందు నన్ను వెంటబెట్టుకుని కొత్త వెంచర్ల ప్లాట్ల మధ్య ఖాళీ రోడ్ల మీద నడిపించేవాడు. ఏం మాట్లాడాలో తెలియక ఏ విమానం ఏ ఊరి నుంచి వస్తోందో చెబుతుండేవాడు. శిరీష పరీక్షలు రాసి వచ్చి, నా మాత్ర నేను మింగేదాకా ఎదురుగా కూర్చునేది. హోటల్లో సెలవిచ్చారు. తర్వాత రోలర్ దగ్గర నుంచి మడతలు పెట్టే బల్ల దగ్గరికి మార్చారు. రబియానే మాట్లాడి మార్పించింది.

మే నెల చివర్లో అన్న అవ్వను తీసుకొచ్చాడు. బట్టల మూట తనే మోసుకొచ్చి లోపల పెట్టాడు. అవ్వకు ఎనభై దాటాయి. కూర్చోమన్న చోట కూర్చుంది. పెట్టింది తింది. నాలుగు రోజులు ఒక్క మాట లేదు.

ఐదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇద్దరమే ముందు గదిలో గచ్చు మీద కూర్చున్నాం. నాకు మంట మొదలైంది. కొంగు తీసేసి, చెంబు నీళ్ళు మెడ మీద పోసుకున్నాను. అవ్వ చూస్తోంది.

"మంటనా?" అంది.

నేనేమీ అడగలేదు. తనే అంది. నీళ్ళు కారుతుండగానే ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"మంటనే అవ్వా. నీకు గూడ అయిందా?"

"అయింది."

"ఎట్లుండె నీకు అప్పుడు?"

అవ్వ చెంబును తన వైపు జరుపుకుంది.

"భయమైతుండె" అంది. "దేనికో తెల్వకుండె. ఎవలన్న అడుగుతరేమోనని సూస్తుంటి. అడగకపోయిరి. గుట్టల దిక్కు పోయింది గూడ గా మంటకే. సల్లగుంటదని పోయిన. పట్టుకొచ్చిండ్రు."

ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేను.

"అవ్వా, గొళ్ళెం పెట్టింది నేనే."

"ఎరికే. మెల్లగ పెడ్తుంటివి. నాకు ఇనపడొద్దని."

"ఇనపడ్తుండెనా?"

"ఇనపడ్తుండె" అంది అవ్వ.

నా తడిసిన మెడను, ముఖాన్ని తన కొంగుతో తుడిచింది. నేను పెద్దగా ఏడ్చాను. ఎవరూ రాలేదు, ఎవరూ ఆపలేదు. ఏడుపు దానంతటదే ఆగేదాకా అవ్వ చెయ్యి నా వీపు మీదే ఉంది.

జూన్ రెండో వారంలో వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున లేచి, రాత్రంతా నిద్రపోయానని గుర్తించి, మల్లేశ్వర్‌ను లేపి మరీ చెప్పాను. మాత్రలు ఏడాదిన్నర వాడాను. డాక్టరమ్మ కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపించారు. రబియా వేళ్ళు మానాయి, చూపుడువేలి మీద మచ్చ మిగిలింది. భయం పూర్తిగా పోయిందంటే అబద్ధం. ఇప్పటికీ ఏదైనా పేరు చటుక్కున గుర్తు రాకపోతే ఒక క్షణం గుండె ఆగుతుంది. అయితే ఇప్పుడు దాచుకోను, పక్కన ఎవరుంటే వాళ్ళకు చెప్పేస్తాను.

ఆ వానల్లోనే, అవ్వ వచ్చిన నెలకు అన్న ఫోన్ చేశాడు. "ఎల్లుండి వచ్చి అవ్వను తీస్కపోత. బట్టలు సర్ది పెట్టు" అన్నాడు.

"సరే అన్నా" అనబోయాను. మంచం మీద కూర్చున్న అవ్వ చెయ్యి చాపింది. ఫోన్ ఇమ్మని. ఆమె ఫోన్లో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. చెవి దగ్గర ఎట్లా పెట్టుకోవాలో చూపించాను.

"నేను ఇప్పుడే రాను" అంది అవ్వ. కాసేపు విని, "ఎందుకంటవేందిరా? నాకు రాబుద్ధైతలేదు" అంది. ఫోన్ నా చేతిలో పెట్టేసి, కిటికీలో నుంచి వాన చూస్తూ కూర్చుంది.

నేను ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"ఎవలు మాట్లాడింది?" అని అడిగాడు అన్న.

"అవ్వనే" అన్నాను.